అద్దం లేని కెమెరా: ఒక పెన్షనరు చూసిన చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గంవారు కోరినప్పుడు, కరువు భత్యం బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో రాస్తాననుకుని ఉంటారు. ఆ విషయాలు రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు కాస్తో కూస్తో తెలిసింది కెమెరా ఒక్కటే. సర్వీసులో ఉన్నంత కాలం ఆఫీసు పని తరువాత నాకున్న ఏకైక వ్యసనం అది. మా ఇంట్లో అడిగితే ఆఫీసు పని కంటే ముందే అంటారు.

ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినం సభ ముగిశాక గ్రూపు ఫొటో తీసే బాధ్యత నా మీద పడుతుంది. కొన్నేళ్లుగా ఆ సమయంలో మిత్రులు ఒకే ప్రశ్న వేస్తున్నారు. "ఇంత చిన్న కెమెరాకి లెన్సు ఊడుతుందా? మా మనవడు ఇలాంటిదే కొనమంటున్నాడు. కొనవచ్చా?" ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేక నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ బాకీ ఈ వ్యాసంతో తీర్చుకుంటున్నాను. ఈ కెమెరా ఎలా పుట్టిందో తెలిస్తే, దాని మంచీ చెడ్డా వాటంతట అవే తెలుస్తాయి.

పెట్టె నుంచి చేతిలోకి

తొలి రోజుల్లో ఫొటో తీయడమంటే కూలీలను పెట్టుకుని ప్రయాణం కట్టడమే. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) పెద్ద చెక్క కెమెరాలు, మూడు కాళ్ల స్టాండు, గాజు పలకలు మోయించుకుని తిరిగి ఆనాటి భారతదేశాన్ని మనకు మిగిల్చి వెళ్లారు. పలకలు పెద్దవి కావడం వల్ల ఆ ఫొటోల్లో తలపాగా మడతలు కూడా లెక్కపెట్టవచ్చు. కానీ అంత సరంజామా సామాన్యుడికి అందేది కాదు.

బరువు తగ్గించాలన్న ఆలోచన జర్మనీలోని లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్‌కు వచ్చింది. ఆయనకు ఉబ్బసం. కొండలెక్కి ఫొటోలు తీయాలని సరదా, సామాను మోయడానికి ఊపిరి చాలదు. సినిమా ఫిల్మును వాడుకునే చిన్న కెమెరాను 1913–14 ప్రాంతంలో తయారు చేశారు. అదే 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. 1930 నుంచి దానికి లెన్సులు మార్చుకునే సౌకర్యం కూడా కలిగింది. కాబట్టి లెన్సు మార్చగలిగే చిన్న కెమెరా నేటి కుర్రకారు కనిపెట్టిన వింత కాదు. దానికి తొంభై ఏళ్లు దాటాయి. అది పుట్టింది ఆయాసపడే మనిషి అవసరం కోసమని మనబోటివారు గుర్తుంచుకోవాలి.

అద్దం ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది

లైకాలో ఒక చిక్కు ఉండేది. కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, ఫొటో పడే లెన్సు వేరు. దగ్గరి వస్తువులను తీసినా, దూరాన్ని దగ్గరకు లాగే పొడుగు లెన్సు వేసినా, మనం చూసింది ఒకటి, పడింది మరొకటి అయ్యేది. దీనికి విరుగుడు లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దం పెట్టడం. లెన్సులోంచి వచ్చిన బొమ్మను అద్దం పైకి పంపుతుంది, దాన్ని గాజు పట్టకం మన కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి ఫిల్ముకు దారి ఇస్తుంది. ఈ పద్ధతి అంతకు ముందే ఉన్నా, దాన్ని వృత్తి ఛాయాగ్రాహకుల చేతుల్లో స్థిరపరచింది 1959లో వచ్చిన నికాన్ ఎఫ్. ఏది చూస్తే అదే పడుతుంది. అయితే అద్దం కదలడానికి చోటు కావాలి కనుక కెమెరా మళ్లీ లావెక్కింది. నికాన్ కెమెరాలో లెన్సు బిగించే వలయం నుంచి ఫిల్ము దాకా దూరం 46.5 మిల్లీమీటర్లు.

మన ప్రాంతంలో మధ్యతరగతి ఉద్యోగికి అందింది ఆగ్‌ఫా క్లిక్ త్రీ. రీలుకు 12 ఫొటోలు. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు రీలు వేసి, 12 ఫొటోలకూ 12 సార్లు ఆలోచించి నొక్కేవాళ్లం. ఆ కర్మాగారం తరువాత మూతపడింది. లెన్సు మార్చే కెమెరా కావాలంటే రష్యా వారి జెనిట్ గతి. మా సెక్షనులో సీనియరు ఒకాయన 1978లో విశాఖపట్నంలో ఎవరి దగ్గరో కొన్నారు. ఇటుకంత బరువు. నొక్కితే తలుపు వేసినంత చప్పుడు. ఆయన్ని నేను అన్నగారనే పిలిచేవాణ్ణి. ఫొటోగ్రఫీలో నాకు అక్షరాభ్యాసం చేసింది ఆయనే. ఆయన సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

డిజిటల్ కెమెరా మొదట్లో చిన్నది కానే కాదు. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ చేసిన తొలి నమూనా బరువు మూడున్నర కిలోల పైమాటే. బొమ్మలో చుక్కలు పది వేలు మాత్రమే, ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. 1991లో అదే కంపెనీ నికాన్ కెమెరాకు డిజిటల్ పరికరం తగిలించి అమ్మినప్పుడు, ఫొటోలు దాచే పెట్టెను విడిగా భుజానికి తగిలించుకోవలసి వచ్చేది. 2003 తరువాత అద్దమున్న డిజిటల్ కెమెరాలు కాస్త అందుబాటు ధరలకు దిగాయి. 2007లో రిటైరైనప్పుడు గ్రాట్యుటీలోంచి కొంత తీసి నేను కొన్నది ఆ రకమే.

అంతలో ఇంజనీర్లకు ఒక ప్రశ్న తోచింది. ఫిల్ము స్థానంలో సెన్సరు వచ్చింది. లెన్సులోంచి వచ్చే బొమ్మను సెన్సరే నేరుగా చూసి చిన్న తెర మీద చూపించగలదు. ఇక అద్దం ఎందుకు? 2008 ఆగస్టులో ఒలింపస్, పానసోనిక్ కంపెనీలు కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ అనే పద్ధతిని ప్రకటించాయి. అద్దం పోయింది, లెన్సు నుంచి సెన్సరుకు దూరం సుమారు 20 మిల్లీమీటర్లకు దిగింది. ఆ ఏడాదే వచ్చిన పానసోనిక్ జి-1 ఈ కోవలో మొదటిది. 2009లో ఒలింపస్ తన 1959 నాటి పెన్ కెమెరా పేరునే నిలిపి ఈ-పి1 తెచ్చింది. 2010లో శామ్‌సంగ్, సోనీ, 2011లో నికాన్, 2012లో ఫ్యూజీ, కేనన్ అదే దారి పట్టాయి. 2020 నాటికి జపాను కంపెనీలు పంపిణీ చేసిన కెమెరాల్లో అద్దం లేనివి అద్దమున్నవాటిని దాటిపోయాయి. వీటినే మిర్రర్‌లెస్ అంటున్నారు.

మూడు ఊళ్లు, మూడు లెన్సులు

ఇక సుగుణాలు. నేను 2012లో పెద్ద కెమెరా వదిలి చిన్నదానికి మారాను. కారణం శాస్త్రం కాదు, మెడ నొప్పి. రెండు లెన్సులతో నా పాత సంచి నాలుగు కిలోలు తూగేది. సాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల దగ్గరికి ఆ సంచితో ఎక్కి, పైన ఫొటో తీసే ఓపిక లేక వంశధారను చూస్తూ కూర్చుని దిగి వచ్చిన రోజున నిర్ణయించుకున్నాను. కొత్త సంచి కెమెరా, మూడు లెన్సులు కలిపి కిలోన్నర.

సెల్ ఫోను ఉండగా ఇదంతా దేనికని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మనవల పుట్టినరోజుకు ఫోను చాలు. 2010లో ప్రపంచమంతటికీ సుమారు 12 కోట్ల కెమెరాలు పంపిన జపాను కంపెనీలు 2020లో 90 లక్షల లోపే పంపాయంటే, ఆ పుణ్యం ఫోనుదే. కానీ ఫోను చేయలేని పనులు మన ప్రాంతంలోనే మూడు చూపిస్తాను.

టెక్కలి దగ్గర తేలినీలాపురం మీకు తెలిసిందే. ఏటా చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటాం గానీ, ఈ గూడబాతులు దక్షిణాసియాలోనే పిల్లలు పెట్టే జాతి. అవి రాకపోతే ఊరికి అరిష్టమని గ్రామస్థులు వాటిని కాపాడుకుంటారు. చెట్టు కొమ్మన తల్లి నోట్లో ముక్కు పెట్టి పిల్ల తినే దృశ్యం ఫోనుకు తెల్లటి చుక్కగా పడుతుంది. నా చిన్న కెమెరా సెన్సరు పాత ఫిల్ము ఫ్రేములో సగం కొలత కాబట్టి, 300 మిల్లీమీటర్ల లెన్సు 600 లెన్సంత దగ్గరకు లాగుతుంది. బరువు అర కిలో. పెద్ద కెమెరాకు 600 లెన్సంటే నాలుగైదు కిలోలు. వెలుతురు పట్టడంలో రెండూ సమానం కావు, ఆ మాట దాచకూడదు. అయినా పగటి ఎండలో నా పని జరిగిపోతుంది. అక్కడ చెట్టు కింద కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, "ఏటి బాబూ, మునుపు తెచ్చీ పెద్ద గొట్టం ఏటైపోనాది?" అని అడిగింది. అమ్మేశానన్నాను. "మంచి పని సేసినావు, అది సూస్తే పిట్టలు బెదిరిపోయీవి" అంది. నేను చదివిన సమీక్షలన్నిటికంటే ఆ మాట విలువైనది.

రెండోది శ్రీముఖలింగం. గాంగ రాజుల నాటి ఆ గుళ్ల గోడల మీద శిల్పాలు తీయాలంటే వెనక్కి జరగడానికి చోటుండదు. వెడల్పుగా చూసే పొట్టి లెన్సు కావాలి. కెమెరా వెనుక తెర తిప్పుకునే వీలుంది కాబట్టి నేల మీద పడుకోకుండానే కింది వరుస శిల్పాలు చూడవచ్చు. మోకాళ్లు అరిగినవారికి ఇది వరం.

మూడోది విజయనగరం సిరిమానోత్సవం. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారి సిరిమాను కొనన కూర్చుని మూడు లాంతర్ల నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతారు. లక్షల జనంలో పెద్ద కెమెరా ఎత్తితే ముందు పోలీసు చూస్తాడు, తరువాత జనం చూస్తారు. చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. అమ్మవారి వైపు చేతులు జోడించిన ముఖాలు సహజంగా దొరుకుతాయి.

లోపాలు కూడా చెప్పాలి

ఆ సిరిమాను దగ్గరే నాకు మొదటి పాఠం జరిగింది. ఉదయం నుంచి పులివేషాలు, సాముగరిడీలు తీస్తూ, సాయంత్రం సిరిమాను సరిగ్గా నా ముందుకొచ్చే వేళకు బ్యాటరీ అయిపోయింది. అద్దమున్న కెమెరాలో మనం కంటితో నేరుగా చూస్తాం కాబట్టి ఒక్క ఛార్జికి 800, 1000 ఫొటోలు వచ్చేవి. అద్దం లేనిదానిలో చూస్తున్నంతసేపూ తెర వెలుగుతూనే ఉండాలి. జి-1 లెక్కే 330 ఫొటోలు. కొత్తవి మెరుగుపడినా, రెండో బ్యాటరీ జేబులో లేకుండా బయలుదేరవద్దు.

రెండో పాఠం కళింగపట్నంలో. లైటుహౌసు ముందు సముద్రపు గాలిలో లెన్సు మార్చాను. అద్దమున్నప్పుడు అది సెన్సరుకు కొంత అడ్డుగా ఉండేది. ఇప్పుడు ఆ తలుపు లేదు. ఆ నెలంతా నా ఫొటోల్లో ఆకాశాన ఒకే చోట నల్ల మచ్చ. కెమెరాను కిందికి తిప్పి, గాలికి వీపు పెట్టి మార్చాలని అప్పుడు తెలిసింది. మన కోస్తా చెమ్మకు లెన్సు లోపల బూజు పట్టడం కూడా మామూలే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోవాలి.

మూడోది వెలుతురు. చిన్న సెన్సరు విస్తీర్ణం పెద్ద ఫ్రేములో నాలుగో వంతు. రథసప్తమికి అరసవిల్లిలో అర్ధరాత్రి నుంచే నిలిచే భక్తుల వరుసలను తీస్తే, చీకటి భాగాల్లో రవ్వ చల్లినట్టు గింజలు కనిపిస్తాయి. 2013లో సోనీ, 2018లో నికాన్, కేనన్ పెద్ద సెన్సరుతో అద్దం లేని కెమెరాలు తెచ్చి ఈ లోపం సరిదిద్దాయి. కానీ సెన్సరు పెద్దదైతే లెన్సూ పెద్దదవుతుంది. పెట్టె చిక్కినా సంచి చిక్కలేదు, ధర మాత్రం పెరిగింది.

నాలుగోది ఫోకసు. మొదటి రోజుల్లో ఈ కెమెరాలు, పాత రేడియోలో స్టేషను కోసం ముల్లును అటూ ఇటూ తిప్పినట్టు, లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి వెతుక్కునేవి. అవి వెతికే లోపల కొంగ ఎగిరిపోయేది. ఎటు జరపాలో ముందే తెలుసుకునే ఏర్పాటు సెన్సరులోనే రావడంతో ఈ బాధ చాలావరకు తీరింది. నేటి మంచి కెమెరాలు పక్షి కన్నును తామే గుర్తుపడతాయి. ఇక బొత్తాములు మరీ చిన్నవి కావడం, తెర మీది అక్షరాలు కళ్లజోడుకు కూడా ఆనకపోవడం మన వయసు కష్టాలు. కొనేముందు దుకాణంలో పది నిమిషాలు చేత్తో పట్టుకుని చూడాలి.

మౌంటు అంటే మాట

వీటన్నిటికంటే పెద్ద లోపం పెట్టెలో కనబడదు. లెన్సు మార్చే కెమెరా కొన్నవాడు ఒక వస్తువును కొనడం లేదు, ఒక మాటను నమ్ముతున్నాడు. లెన్సు బిగించే వలయాన్ని మౌంటు అంటారు. ఈ మౌంటుకు రేపు కూడా లెన్సులు చేస్తాం, కెమెరాలు చేస్తాం అన్నది కంపెనీ ఇచ్చే మాట. 1959లో నికాన్ పెట్టిన ఎఫ్ మౌంటు అరవై ఏళ్లకు పైగా నిలిచింది. అద్దం లేనివాటిలో అందరూ అలా నిలబడలేదు. శామ్‌సంగ్ కొన్నేళ్లకే ఈ రంగం నుంచి తప్పుకుంది. నికాన్ 2011లో తెచ్చిన నికాన్ వన్ వరుసను 2018లో ఆపేసింది. కేనన్ 2012 నాటి ఎమ్ వరుస 2023తో ముగిసింది. ఒలింపస్ కెమెరా వ్యాపారం 2021లో చేతులు మారింది. అయితే ఆ మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంటు ఓఎమ్ సిస్టమ్, పానసోనిక్ చేతుల్లో బతికే ఉంది. సోనీ, ఫ్యూజీ తమ మౌంట్లను నిలుపుకున్నాయి.

ఆగిపోయిన వరుసలు కొన్నవారి కెమెరాలు పనిచేస్తూనే ఉంటాయి. కానీ కొత్త లెన్సు రాదు, మరమ్మతు కరువవుతుంది, పాతది అమ్మబోతే కొనేవాడుండడు. నెలకు ఇంతని లెక్కపెట్టి ఖర్చు చేసే మనకు ఇది చిన్న విషయం కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాభిక్ష కాదు, హక్కు అని చెప్పింది. అందుకే ఆ రోజును పండుగగా జరుపుకుంటున్నాం. ఇచ్చిన మాటకు కాలపరిమితి ఉండకూడదన్న సంగతి మనకు వేరే చెప్పాలా? మెగాపిక్సెళ్లు తరువాత అడగండి. ఈ మౌంటు ఎన్నాళ్ల నుంచి ఉంది, ఎంతమంది దీనికి లెన్సులు చేస్తున్నారు అని ముందు అడగండి.

రిటైరైన లెన్సు

ఇందులోనే ఒక మెలిక ఉంది. కొన్ని మాటలు తప్పిన ఈ జాతి కెమెరాయే పాత మాటలెన్నింటినో నిలబెట్టింది. అద్దం పోయి దూరం తగ్గింది కదా. ఆ మిగిలిన చోటులో ఒక లోహపు వలయం, అంటే అడాప్టరు, పెడితే ఎప్పటిదో అద్దం కెమెరా లెన్సు దీనికి సరిపోతుంది. ఫోకసు మాత్రం చేత్తో తిప్పుకోవాలి. అది మనకు అలవాటే.

జెనిట్ కొన్న అన్నగారు 2014లో కాలం చేశారు. మా ఆఫీసు పెళ్లిళ్లు, బదిలీ సభలు, పదవీ విరమణలు అన్నీ ఆయన తీసినవే. దినకార్యానికి గోడకు పెట్టడానికి ఫొటో వెతికితే ఆయనది సరైనది ఒక్కటీ దొరకలేదు. చివరికి పెన్షను కాగితాలకు ఇచ్చిన జాయింటు ఫొటోలోంచి ఆయన సగాన్ని పెద్దది చేయించారు. ఆ ప్రింటులో భుజం దగ్గర వదినగారి చీర అంచు కొంచెం మిగిలిపోయింది. ఏడాది గడిచాక ఆవిడ నన్ను పిలిచి, "ఇది మీ దగ్గరుంటేనే మంచిది మరిదిగారూ" అని జెనిట్ చేతికిచ్చారు. షట్టరు బిగుసుకుపోయింది. కానీ 58 మిల్లీమీటర్ల హీలియోస్ లెన్సు నిక్షేపంలా ఉంది.

అడాప్టరు తెప్పించి ఆ లెన్సును నా చిన్న కెమెరాకు బిగించాను. దానిమీద అది 116 మిల్లీమీటర్లలా పనిచేస్తుంది, ముఖాలకు అచ్చంగా సరిపోయే కొలత. వాళ్ల వరండాలో పొద్దుటి ఎండలో వదినగారిని కూర్చోబెట్టి ఆయన లెన్సులోంచి ఆవిడ ఫొటో తీశాను. "ఈయన ఎప్పుడూ ఇటు చూడు, ఇటు చూడు అనేవారు" అన్నారావిడ. ఆ మాట అంటున్నప్పటి ఫొటో ఇప్పుడు వాళ్ల హాల్లో ఆయన పటం పక్కనే ఉంది. పదవీ విరమణ చేసిన లెన్సుకు మళ్లీ ఉద్యోగం దొరికింది. ఈ కెమెరాలో అన్నిటికంటే గొప్ప గుణం ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

మిత్రులకు నా మనవి క్లుప్తంగా. పక్షులు, గుళ్లు, ఊరేగింపులు తీయాలన్న సరదా ఉంటేనే ఈ కెమెరా కొనండి. లేకపోతే ఫోను చాలు. కొంటే నిలకడైన మౌంటు చూసి, పెట్టె సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నా మంచి లెన్సు మీద డబ్బు పెట్టండి. అటకమీద తాతల నాటి లెన్సులుంటే పాత సామాన్లవాడికి ఇవ్వకండి. ఏటా పది ఫొటోలైనా కాగితం మీద వేయించండి, అవే కంప్యూటరులోనూ దాచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో మా మిత్రుడి ఆల్బములు తడిసి ముద్దయ్యాయి. అంతకు రెండేళ్ల ముందు నా హార్డు డిస్కు చెడిపోయి మూడేళ్ల ఫొటోలు పోయాయి. ఒక్క చోట దాచింది దాచినట్టు కాదు.

చివరిగా ఒక్కటి. మీ ఇంట్లో ఫొటోలు తీసేవారు ఎవరో ఒకరుంటారు. ఈ పండుగకు వారి చేతిలోంచి కెమెరా తీసుకుని, ముందు వారి ఫొటో తీయండి. వచ్చే డిసెంబరు 17 సభలో గ్రూపు ఫొటో తీసే పనికి నాకు కూడా ఒక వారసుడు కావాలి. ఆసక్తి ఉన్నవారు ముందుకు రండి. కెమెరా నేనే ఇస్తాను. ఈసారి వరుసలో నిలబడాలని ఉంది.